గామా ప్రోబ్‌తో పారాథైరాయిడ్ ఆపరేషన్: అనంతపురం నుంచి బెంగళూరు పోయి చేయించుకున్నాం, 5కి 4 స్టార్లు

మా అమ్మ మోకాళ్ల నొప్పులకు పదేళ్లుగా మేం తిట్టింది బోరు నీళ్లను. మా అనంతపురం జిల్లాలో ఎముకలు నొస్తే ఫ్లోరైడ్ అనేయడం అలవాటే కదా, చూసిన డాక్టర్లూ అదే అన్నారు. మధ్యలో రెండుసార్లు కిడ్నీలో రాళ్లు, మలబద్ధకం, పొద్దస్తమానం నీరసం, వీటన్నిటినీ కలిపి చూసినవాళ్లు లేరు. చివరికి ఇక్కడే ఒక కుర్ర డాక్టరు క్యాల్షియం టెస్టు రాశాడు. 11.8 వచ్చింది, మామూలుగా 10.5 లోపు ఉండాలి. పీటీహెచ్ అనే పారాథైరాయిడ్ హార్మోను కూడా ఎక్కువే. మెడలో థైరాయిడ్ వెనకాల పారాథైరాయిడ్ అని బియ్యపు గింజంత గ్రంథులు నాలుగుంటాయట, వాటిలో ఒకటి పెరిగిపోయి ఎముకల్లోని క్యాల్షియాన్ని రక్తంలోకి లాగేస్తోంది.

మందులతో పోయేది కాదు, తీసేయాలి. ఏది చెడిందో ముందే తెలిస్తే చిన్న కోతతో సరి, తెలియకపోతే మెడ రెండువైపులా వెతకాలి. అందుకే సెస్టామిబి స్కాన్. టెక్నీషియం అనే రేడియోధార్మిక పదార్థం కలిపిన మందు చేతి నరానికి ఎక్కిస్తారు. కాసేపటికి ఒక ఫొటో, రెండు గంటలకు ఇంకోటి. థైరాయిడ్ మందును తొందరగా వదిలేస్తుంది, చెడిన గ్రంథి మాత్రం పట్టుకుని కూర్చుంటుంది. రెండో ఫొటోలో మెడకు ఎడమవైపు కింద ఒక్క చుక్క మిగిలింది, నాకే కనపడింది. అయినా డాక్టరు అల్ట్రాసౌండ్ కూడా చేయించాడు, థైరాయిడ్‌లో గడ్డ ఉన్నా అలాగే మెరుస్తుందట. ఈ జాగ్రత్త నాకు నచ్చింది.

ఒక స్టార్ తీసేసింది స్కాన్ రోజు గోల వల్ల. కౌంటర్లో పరగడుపున రమ్మన్నారు. తెల్లవారుజామున మూడింటికి బయలుదేరి, షుగరున్న మనిషిని టిఫిన్ లేకుండా కూర్చోబెడితే, పదకొండింటికి టెక్నీషియన్ వచ్చి "తినే రావచ్చు కదమ్మా, ఈ స్కాన్‌కు పస్తెందుకు" అన్నాడు. ఒళ్లు మండింది. ఆసుపత్రి పేరు రాయను, కానీ ఫోన్ ఎత్తేవాళ్లకు ఆ ఒక్క ముక్క నేర్పించలేరా?

ఆపరేషన్ రోజు పొద్దున మళ్లీ అదే ఇంజెక్షన్. దీని శక్తి ఆరు గంటలకు సగమైపోతుంది కాబట్టి థియేటర్ టైము చూసుకుని వేస్తారు. రేడియో అన్న మాట ఒక్కటే అమ్మ చెవిలో పడ్డట్టుంది, "నా గొంతులో రేడియో పెడతారారా నాయనా?" అని అడిగింది. పూర్తిగా తప్పేం కాదు. ఆ మందు నుంచి వచ్చే గామా కిరణాలను పసిగట్టే లావు పెన్నులాంటి ప్రోబ్‌ను కోతలోంచి పెట్టి తిప్పుతుంటే, మందు ఎక్కువున్న చోట పక్కనున్న పెట్టె గట్టిగా కూస్తుందట. గుండె వైపు తిప్పినా కూస్తుంది, ఎందుకంటే ఈ మందు అసలు వచ్చిందే గుండె స్కాన్‌ల కోసం.

గంట తర్వాత సర్జన్ చిన్న సీసా పట్టుకొచ్చి చూపించాడు, చిక్కుడు గింజంత, గోధుమరంగు. బయటికి తీశాక దాని మీద ప్రోబ్ పెట్టి, గ్రంథి తీసిన చోట చూపే లెక్కతో పోలుస్తారు. అందులో 20 శాతం దాటితే చెడిన గ్రంథి అదేనని నమ్మకం. అంతటితో వదలకుండా పది నిమిషాలకు రక్తం తీసి పీటీహెచ్ చూశారు, సగానికి పైగా పడిపోయింది. నన్నడిగితే ప్రోబ్ కన్నా ఈ రక్తపరీక్షే ముఖ్యం, ఎందుకంటే రెండో గ్రంథి కూడా చెడి ఉంటే పెట్టె కూత ఒక్కటే నమ్ముకుని కుట్లు వేస్తే మళ్లీ మొదటికి వస్తాం. ప్రోబ్ ఉందని బోర్డు చూసి పోకండి, ఈ ఆపరేషన్లు తరచూ చేసే సర్జనా కాదా అని అడిగి పోండి.

రెండో రాత్రి ఇంట్లో అమ్మకు పెదాల చుట్టూ, వేళ్ల కొసల్లో చీమలు పాకినట్టయింది. టెన్షన్ పడి వాళ్లిచ్చిన నంబరుకు చేస్తే నర్సు రెండో రింగుకే ఎత్తి, డాక్టరును అడిగి క్యాల్షియం మాత్రలు పెంచమంది, తెల్లారేసరికి తగ్గింది. మెడ మీద గీత రెండు వేళ్ల వెడల్పు కూడా లేదు, చీర కొంగు కప్పుకుంటే కనపడదు. మోకాళ్లు ఇంకా నొస్తున్నాయి, ముందంత కాదు.