లెట్యూస్ ఏళ్ల తరబడి వాడాక: పూల్‌కి తిరిగిచ్చే చోటే అసలు తిరకాసు

జావాలో రెడిస్ (డేటాని మెమరీలో ఉంచే డేటాబేస్) అనగానే, దానితో మాట్లాడే క్లయింట్ లైబ్రరీల్లో జెడిసా, లెట్యూసా అని అడుగుతుంటారు. నేను లెట్యూస్ వైపే. ప్రొడక్షన్‌లో ఏళ్లుగా నడుస్తోంది, కనెక్షన్ తెగితే తనే మళ్లీ కలుపుకుంటుంది, స్పీడ్‌కి వంక పెట్టలేం. ఒక్క ఆటోఫ్లష్ (కమాండ్‌ని వెంటనే పంపేసే సెట్టింగ్) దగ్గర మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి.

మామూలుగా ప్రతి కమాండ్ అప్పటికప్పుడే సాకెట్‌లోకి పోతుంది. బల్క్ లోడ్‌కి (ఒకేసారి బోలెడు డేటా ఎక్కించడానికి) అలా ఒక్కొక్కటీ పంపడం దండగ కాబట్టి ఆటోఫ్లష్ ఆపేసి, కమాండ్లు పోగేసి, ఫ్లష్‌కమాండ్స్‌తో ఒకేసారి తోసేస్తాం. బాగానే ఉంటుంది, కానీ ఆ సెట్టింగ్ కనెక్షన్‌కే అంటుకుని ఉంటుంది. మధ్యలో ఎక్సెప్షన్ వచ్చి కనెక్షన్ అలాగే పూల్‌లోకి (మళ్లీ వాడుకునేందుకు కనెక్షన్లు దాచే చోటికి) వెళ్లిందా, ఎంగిలి గ్లాసు కడక్కుండా స్టాండులో పెట్టినట్టే. తర్వాత దాన్ని తీసుకున్న థ్రెడ్ పాపం ఓ మామూలు గెట్ (చదివే కమాండ్) కొడుతుంది, అది బఫర్‌లోనే కూర్చుంటుంది, డిఫాల్ట్ 60 సెకన్లూ గడిచాక టైమౌట్. సర్వర్‌లో స్లోలాగ్ (నెమ్మదిగా నడిచిన కమాండ్ల చిట్టా) ఎంత తవ్వినా ఏమీ దొరకదు, ఆ కమాండ్ అక్కడిదాకా వెళ్తే కదా!

మా దగ్గర కామన్స్ పూల్ (జావా పూలింగ్ లైబ్రరీ) ఫ్యాక్టరీ సొంతంగా రాసి, కనెక్షన్ పూల్‌కి తిరిగొచ్చేటప్పుడు నడిచే పాసివేట్ఆబ్జెక్ట్‌లో ముందు ఫ్లష్ చేసి, తర్వాత ఆటోఫ్లష్‌ని ట్రూ చేస్తున్నాం. ట్రూ చేసినంత మాత్రాన పాత బఫర్ కదలదు, ఫ్లష్ విడిగా పిలవాల్సిందే. అక్కడ ఎక్సెప్షన్ వస్తే పూల్ ఆ కనెక్షన్‌ని పారేస్తుంది, మనక్కావలసిందీ అదే. జెడిస్‌లోనైతే పైప్‌లైన్ (కమాండ్లు పోగేసి పంపే పద్ధతి) క్లోజ్ చేస్తే సింక్ (మిగిలినవి పంపి జవాబులు చదవడం) దానంతటదే జరుగుతుంది, ఈ విషయంలో దానికే నా ఓటు.

ఇంకోటి, ఫ్లష్ అంటే పంపడం వరకే. సర్వర్ రాసుకుందో లేదో తెలియాలంటే ఫ్యూచర్స్ (రావాల్సిన జవాబులు) అన్నిటికీ అవెయిట్ఆల్ పెట్టి, అవి వచ్చేదాకా ఆగి, ఆ తర్వాతే కనెక్షన్ వదలాలి. జవాబు చదవకుండా వదిలేస్తే కొన్ని క్లయింట్లలో ఇంకా ఘోరం, ఒకరి జవాబు తర్వాతివాళ్లకి అందుతుంది: 2023 మార్చిలో చాట్‌జీపీటీలో ఒకరి చాట్ టైటిళ్లు మరొకరికి కనిపించింది పైథాన్ రెడిస్ క్లయింట్‌లో ఇలాంటి బగ్ వల్లే.

అసలు లెట్యూస్ కనెక్షన్ థ్రెడ్‌సేఫ్ (చాలా థ్రెడ్లు ఒకేసారి వాడుకోవచ్చు), చాలా పనులకు ఒక్కటి చాలు. బ్లాకింగ్ కమాండ్లు (డేటా వచ్చేదాకా ఆగేవి), మల్టీ ట్రాన్సాక్షన్లు (కమాండ్లని ఒక కట్టగా నడిపేవి), ఈ బల్క్ లోడ్లు లేకపోతే పూల్ జోలికే పోకండి.