థైమస్ వడపోతా, లింఫ్ నోడ్ కాపలానా: ఏది మేలు?

విజయవాడలో నీట్ కోచింగ్ పిల్లలకు ఇమ్యూనిటీ పాఠం చెబుతుంటే ఏటా ఎవరో ఒకరు అడుగుతారు: "సార్, సొంత ఒంటి మీదే తిరగబడే టి కణాలను థైమస్ చంపేస్తుంది కదా, మళ్లీ లింఫ్ నోడ్లలో కాపలా ఎందుకు?" (టి కణాలంటే క్రిములతో పోరాడే తెల్ల రక్తకణాలు. అవి ఎదిగే ఛాతీలోని గ్రంథి థైమస్. ఒళ్లంతా అక్కడక్కడా ఉండే రోగనిరోధక బిళ్ళలు లింఫ్ నోడ్లు.) పరీక్షకైతే రెండు లైన్లు చాలు. నా ఓటు మాత్రం కాపలాకే.

థైమస్‌ది తేల్చిపారేసే పద్ధతి. ఎయిర్ అనే జన్యువు ఇన్సులిన్ లాంటి వేరే అవయవాల ప్రొటీన్లను కూడా అక్కడే కాస్త తయారుచేయిస్తుంది. వాటిని గట్టిగా పట్టుకున్న టి కణాల్లో చాలావాటికి చావే. అయినా కొన్ని జారిపోతాయి. పైగా మనం తినే పప్పు, వేరుశనగల సంగతి థైమస్‌కేం తెలుసు? అది పేగుల దగ్గరి లింఫ్ నోడ్ల పని. అక్కడ డెండ్రైటిక్ కణాలు (టి కణాలకు ప్రొటీన్ ముక్కలు చూపించేవి) రెటినోయిక్ ఆమ్లం, టీజీఎఫ్-బీటా అనే సంకేత రసాయనాల సాయంతో మామూలు టి కణాన్నే టీ-రెగ్‌గా, అంటే మిగతా టి కణాలను అదుపులో పెట్టే కాపలా కణంగా మార్చేస్తాయి. (గుంటూరు మిరపకాయ మంట వేరే లెక్క, అది నరాల గోల.)

జారిపోయిన కణం లింఫ్ నోడ్‌లో సొంత ప్రొటీన్‌ను గుర్తుపట్టిందనుకోండి. టి కణాలు పెరగడానికి కావలసిన ఇంటర్‌ల్యూకిన్-2 అనే రసాయనాన్ని వదలడం మొదలెడుతుంది. టీ-రెగ్‌లు దాని చుట్టూ మూగి, తమ మీదున్న సీడీ25 అనే అణువుతో ఆ ఇంటర్‌ల్యూకిన్‌ను పీల్చేసుకుంటాయి. సీటీఎల్ఏ-4 అనే మరో అణువుతో డెండ్రైటిక్ కణం మీదున్న సీడీ80, సీడీ86 అణువులను పీకి మింగేస్తాయి. టి కణం రెచ్చిపోవడానికి గుర్తుపట్టడం ఒక్కటే చాలదు, ఈ అణువులిచ్చే రెండో సిగ్నల్ కూడా కావాలి. అది అందక ఆ టి కణం చల్లబడుతుంది. నిజమైన క్రిములొస్తే మాత్రం ఆ సిగ్నల్ ముంచెత్తుతుంది, కాపలా దారిస్తుంది, టి కణాలు అక్కడే పెరుగుతాయి. కాలికి పుండైతే గజ్జల్లో బిళ్ళ కట్టేది అందుకే. ఈ పట్టువిడుపు థైమస్‌కు లేదు.

అలాగని థైమస్‌ను తీసిపారేయలేం. టీ-రెగ్‌లలో ఎక్కువ భాగం పుట్టేదీ అక్కడే. ఈ కణాలను 1995లో గుర్తించిన సకగూచి, 2001లో టీ-రెగ్‌లకు ఆయువుపట్టైన ఫాక్స్‌పీ3 జన్యువును పట్టుకున్న బ్రంకో, రామ్స్‌డెల్ 2025 వైద్య నోబెల్ పంచుకున్నారు. ఆ జన్యువు చెడిన మగశిశువులకు నెలల వయసులోనే షుగర్, ఆగని విరేచనాలు, ఎగ్జిమా వస్తాయి.

కాపలాకూ ఓ లోపముంది: క్యాన్సర్ గడ్డలు దాని చాటున దాక్కుంటాయి. అందుకే సీటీఎల్ఏ-4ను అడ్డుకునే ఇపిలిముమాబ్ మందు వచ్చింది. అది వాడినవాళ్లలో కొందరికి పేగులు వాచి విరేచనాలు పట్టుకుంటాయి, స్టెరాయిడ్లు ఇవ్వాల్సొస్తుంది. వాళ్ల థైమస్‌ను ఎవరూ ముట్టుకోలేదు. సడలించింది ఈ బ్రేకునే.