బీఎస్సీలో చేరేటప్పుడు ఒరిజినల్స్ చేతికివ్వకండి (గుంటూరు, విజయవాడ బైపీసీ వాళ్ళకి)

యూనివర్సిటీ పేరు రాయను. రాస్తే లీగల్ నోటీసు పంపిస్తామని ముందే చెప్పి పంపించారు మహానుభావులు. హోర్డింగుల మీద తెల్లకోటు వేసుకున్న అమ్మాయి పీసీఆర్ మెషీన్ పక్కన నవ్వుతూ ఉంటుంది చూశారుగా, ఆ ప్రైవేట్ యూనివర్సిటీయే.

మా తమ్ముడికి నీట్‌లో ర్యాంకు రాలేదు. ఇంటర్ రిజల్ట్స్ వచ్చిన వారంలోనే పీఆర్వో ఇంటికొచ్చి కూర్చున్నాడు. బీఎస్సీ మైక్రోబయాలజీ, నాలుగేళ్ళ ఆనర్స్, ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుంది అన్నాడు. చేరాక తెలిసింది, వీడిది కన్వీనర్ కోటా (ప్రభుత్వ కౌన్సెలింగ్ ద్వారా ఇచ్చే) సీటు కాదట, రీయింబర్స్‌మెంట్ రాదట. మొదటి ఏడాది ఫీజు మొత్తం మేమే కట్టాం.

ల్యాబ్ సంగతి చెప్పాలి. లామినార్ ఎయిర్ ఫ్లో (క్రిములు పడకుండా వడకట్టిన గాలి వీచే టేబుల్) మీద అటెండెన్స్ రిజిస్టర్లు పేర్చి ఉంటాయట. ఆటోక్లేవ్‌కి, అంటే ఆవిరితో క్రిముల్ని చంపే కుక్కర్ లాంటి మెషీన్‌కి, ప్లగ్గే లేదు. 121 డిగ్రీల దగ్గర పదిహేను నిమిషాలు ఉంచి మీడియా (బ్యాక్టీరియాని పెంచే ఆహారం) స్టెరిలైజ్ చేయాలని రికార్డులో మాత్రం ముత్యాల్లాంటి అక్షరాలతో రాయించారు. అది చేయకుండా ప్లేట్ పోస్తే మొలిచేది మనం వేసిన బ్యాక్టీరియానో గాల్లోంచి పడిందో ఎవరికి తెలుస్తుంది? "సీనియర్ల రికార్డులో బొమ్మలు చూసి వేసుకోండి" అన్నారట మేడమ్.

ఈలోగా ఈఏపీసెట్ బైపీసీ కౌన్సెలింగ్‌లో వాడికి బీఫార్మసీ సీటొచ్చింది. అక్కడ రిపోర్ట్ చేయాలంటే టీసీ, టెన్త్, ఇంటర్ మెమోలు కావాలి. అవన్నీ వీళ్ళ బీరువాలో ఉన్నాయి.

నాన్నా నేనూ ఆఫీసుకి వెళ్ళాం. కౌంటర్లో కుర్రాడు ఫోన్లోంచి తల కూడా ఎత్తలేదు. "మిగతా మూడేళ్ళ ఫీజు కట్టి పట్టుకెళ్ళండి" అన్నాడు. నాన్న జేబులోంచి ప్రింటవుట్ తీశారు. 2018 అక్టోబరులో యూజీసీ (యూనివర్సిటీలకి రూల్స్ పెట్టే కేంద్ర సంస్థ) ఇచ్చిన నోటిఫికేషన్ అది. ఒరిజినల్స్ చూసి వెంటనే తిరిగిచ్చేయాలి, ఏ కాలేజీ కూడా తన దగ్గర పెట్టుకోకూడదు అని అందులో స్పష్టంగా ఉంది. అడ్మిషన్ల ఆఖరు తేదీ దాటి 30 రోజులైతే ఫీజు వాపసు రాదని కూడా అందులోనే ఉంది, అందుకే మేము ఫీజు అడగనేలేదు. కాగితాలే అడిగాం. వాడు ఆ ప్రింటవుట్‌ని వేలితో వెనక్కి నెట్టి, "యూజీసీ ఢిల్లీలో ఉంది పెద్దాయనా. ఇక్కడ ఉన్నది మేం" అన్నాడు. పక్క సీటతను నవ్వాడు.

మా నాన్న ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరయ్యారు. టికెట్ లేకుండా దొరికినవాడితో కూడా మీరు అనే మాట్లాడిన మనిషి. ప్రింటవుట్ మడిచి జేబులో పెట్టుకుని మారు మాట లేకుండా బయటికొచ్చేశారు. నాకు అదే మింగుడుపడటం లేదు. ఫీజు పోతే పోయింది.

రాత్రి యూజీసీ ఈ-సమాధాన్ పోర్టల్లో కంప్లైంట్ పెట్టాను. ఫార్మసీ కాలేజీలో రిపోర్టింగ్ గడువు దగ్గరపడుతోంది, ఇంట్లో అందరికీ అదే టెన్షన్.

మీరెవరైనా చేరబోతుంటే ఒరిజినల్స్ చూపించి అక్కడే వెనక్కి తీసుకోండి, సెల్ఫ్ అటెస్టెడ్ జిరాక్సులే ఇవ్వండి. ఎక్కడైనా ఒరిజినల్ ఉంచక తప్పదంటే లెటర్‌హెడ్ మీద రసీదు రాయించుకోండి. ల్యాబ్ చూపించమని అడగండి, ఫొటో కాదు. రీయింబర్స్‌మెంట్ మాట పీఆర్వో నోటితో చెబితే నమ్మకండి, సీటు ఏ కోటాలో ఇస్తున్నారో కాగితం మీద రాసివ్వమనండి.