కారం మిల్లా, మినపగుళ్ళ మిల్లా? చేతిలో యాభై లక్షలుంటే ఏది మేలు?

మా బావమరిది హైదరాబాదులో ఉద్యోగం మానేసి గుంటూరు వచ్చి రెండు నెలలైంది. చేతిలో యాభై లక్షలున్నాయి. "పొలం కొనను బావా, పంటను సరుకు చేసి అమ్మే పని ఏదన్నా చెప్పు" అని కూర్చున్నాడు. నేను మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో ఇరవై ఏళ్ళు లెక్కలు రాసినవాణ్ణి. మెషీన్లు అమ్మేవాళ్ళు చెప్పే లాభం వేరు, చిట్టాలో తేలేది వేరు. అందుకని ఇద్దరం కాగితం ముందేసుకుని ఒక్కొక్కటీ తూకం వేశాం.

ముందు ఏసీ సంగతి తేల్చేస్తాను. కోల్డ్ స్టోరేజీని ఇక్కడ అందరూ ఏసీ అనే అంటారు. మిరపకాయ కొని అందులో పెట్టి, రేటు పెరిగాక అమ్మడం. చాలామంది దీన్నే పెట్టుబడి అనుకుంటారు గానీ ఇది ఒట్టి పందెం. 2024 వేసవిలో నేనూ ఇద్దరు స్నేహితులూ కలిసి వంద టిక్కీల (మిర్చి బస్తాల) తేజ రకం కాయ కొని పెట్టాం. 2025 ఫిబ్రవరికి రేటు ఎంత పడిపోయిందంటే, కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకు 11,781 రూపాయల ధర ప్రకటించాల్సి వచ్చింది. అద్దె, వడ్డీ కలిపితే మాకు ఎంత పోయిందో మా ఆవిడకు ఇప్పటికీ పూర్తిగా చెప్పలేదు. ఏసీలో కాయ రంగు నిలుస్తుంది. రేటు మాత్రం ఏసీ మాట వినదు.

ఇక కారం మిల్లు. గుంటూరులో ఉంటూ కారం పట్టకపోతే ఎలా అని మావాడి వాదన. నిజమే, కాయ కళ్ళ ముందే ఉంది. గుంటూరు సన్నం రకం మిర్చికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఘాటుకు తేజ, రంగుకు బాడిగ రకం. ఈ రెంటినీ ఏ పాళ్ళలో కలిపితే ఏడాది పొడుగునా ఒకే రంగు, ఒకే ఘాటు వస్తుందో తెలిసినవాడిదే కారం వ్యాపారం. మెషీన్‌ది కాదు. మర వేడెక్కితే రంగు చస్తుంది. తొడిమ, దుమ్ము, తేమ పోను వంద కిలోల కాయకు ఎనిమిది, పది కిలోలు తరుగు రాసుకోవాలి. కాయ చేత్తో విరిస్తే టప్పున విరిగి, గింజ గలగలమనాలి. మెత్తగా వంగిందంటే తేమ ఉన్నట్టు, ఆ కాయ కొని మిల్లులో పోస్తే బూజు కొని పోసినట్టే.

ఆ బూజుతోనే అఫ్లటాక్సిన్ అనే విషం వస్తుంది. కళ్ళంలో మంచుకు తడిసిన కాయ పైకి బాగానే కనపడుతుంది, ల్యాబులో దొరికిపోతుంది. ఐరోపా దేశాలకు పంపాలంటే మొత్తం అఫ్లటాక్సిన్ కిలోకు 10 మైక్రోగ్రాములు దాటకూడదు. 2003లో మన దేశం నుంచి వెళ్ళిన కారంలో సుడాన్ అనే, తిండిలో వాడకూడని రంగు బయటపడ్డాక అక్కడివాళ్ళు మన సరుకును అనుమానంగానే చూస్తున్నారు. ఎగుమతి అనగానే డాలర్లు లెక్కపెట్టే కుర్రాళ్ళు ముందు గుంటూరులోనే ఉన్న స్పైసెస్ బోర్డు ల్యాబుకు ఒక శాంపిల్ ఇచ్చి చూడాలి.

అసలు టెన్షన్ ఇంకోటి ఉంది. రోజుకు 5 క్వింటాళ్ళు ఆడే చిన్న మిల్లే అనుకుందాం. నెలకు 25 రోజులు తిరిగితే 125 క్వింటాళ్ళు. క్వింటా 15 వేలు వేసుకున్నా ఒక్క నెల కాయకే 18 లక్షల 75 వేలు. కిరాణా కొట్లు, హోటళ్ళు 45 రోజులకు గానీ డబ్బివ్వవు, అక్కడ ఇంకో 28 లక్షలు ఇరుక్కుంటాయి. అంటే 47 లక్షలు ఎప్పుడూ తిరుగుతూ ఉండాలి. షెడ్డు, మర, కరెంటు కనెక్షన్ ఇంకా లెక్కలోకి రానేలేదు! కారం మిల్లులు మూతపడేది కారం అమ్ముడుపోక కాదు, చేతిలో డబ్బు ఆడక.

మినపగుళ్ళ దగ్గరికి వస్తే ఇదే లెక్క సగానికి సగం తగ్గుతుంది. కృష్ణా డెల్టాలో వరి కోసిన మాగాణుల్లో మినుము మనకు మొదటినుంచీ ఉన్న పంటే. 2025-26కు మద్దతు ధర క్వింటాకు 7,800. ఎనిమిది వేలు వేసుకున్నా నెల సరుకుకు పది లక్షలు. పైగా టిఫిన్ సెంటర్లు వారానికోసారి డబ్బిచ్చేస్తాయి, ఎందుకంటే మళ్ళీ వారం వాళ్ళకు పప్పు కావాలి. ఇడ్లీ, దోసె మానేసే ఊరు మన దగ్గర లేదు కదా.

పని కూడా తెలిసినదే. మినుములు జల్లించి, కాస్త నూనె పట్టించి ఆరబెట్టి, ఎమెరీ రోలర్ల (గరుకు పూత ఉన్న రోలర్ల) మీద పొట్టు తీయడం. వందకు డెబ్బై, డెబ్బై అయిదు గుళ్ళొస్తే మంచి మిల్లే. నూకకూ పొట్టుకూ గేదెలవాళ్ళు ఉండనే ఉన్నారు.

కష్టాలు లేవని కాదు. కిలోకు మిగిలేది నాలుగైదు రూపాయలే. తెనాలి వైపు పాత మిల్లులతో పోటీ. బర్మా మినుములు ఓడల్లో దిగాయంటే వారంలో రేటు జారుతుంది. గుళ్ళలో పురుగు పడితే ఆ బస్తా మీద ఇక ఆశ వదులుకోవాలి. విజయవాడ గవర్నరుపేటలో ఒక టిఫిన్ సెంటరు ఆయనకు శాంపిల్ ఇస్తే, ధర అడగనే లేదు. గిద్దెడు గుళ్ళు తీసి నీళ్ళలో పోసి, "రేపు పొద్దున రండి, పిండి ఎంత ఒదిగిందో చూసి మాట్లాడదాం" అన్నాడు. మర్నాడు వెళితే గిన్నె చూపించి, పాత నిల్వ మినుమని మొహం మీదే చెప్పాడు. ఆయన చెప్పింది నిజం. మళ్ళీ కొత్త సరుకు తీసుకెళ్ళాకే ఆర్డరు మాట ఎత్తాడు.

పచ్చళ్ళంటారా, చేతిలో రుచి ఉండి, ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళు ఒప్పుకుంటే అయిదారు లక్షలతోనే మొదలుపెట్టొచ్చు. మామిడికాయకు నున్న మార్కెట్టు ఉంది, నూజివీడు ఉంది. మా ఇంట్లో ఒప్పుకోలేదు, కాబట్టి ఆ పేజీ అక్కడే మడిచేశాం.

సబ్సిడీ గురించి మావాడు మొదటిరోజే అడిగాడు. చిన్న ఆహార తయారీ యూనిట్ల కోసం 2020లో వచ్చిన కేంద్ర పథకం పీఎంఎఫ్ఎంఈలో ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షలు ఇస్తారు. మన వాటా కనీసం 10 శాతం, మిగతాది బ్యాంకు అప్పు. అయితే ఆ డబ్బు చేతికి రాదు, మూడేళ్ళు అప్పు సక్రమంగా కడితేనే ఖాతాలో సర్దుతారు. కొత్త దరఖాస్తులు తీసుకుంటున్నారా అని బ్యాంకు మేనేజర్ను అడక్కుండా మరకు అడ్వాన్సు ఇవ్వొద్దని గట్టిగా చెప్పాను.

నా ఓటు మినపగుళ్ళకే. అయితే నెలకు రెండు టన్నుల కారం కొంటానని కాగితం మీద రాసిచ్చే పార్టీ ఉంటే మాట మారుస్తాను. కారంలో పేరొస్తే వచ్చే మిగులు గుళ్ళలో ఎన్నటికీ రాదు, ఆ సంగతి నాకూ తెలుసు. కానీ ఆ పేరొచ్చేదాకా తట్టుకునే డబ్బు మావాడి దగ్గర లేదు.

మరకు ఆర్డరు ఇంకా పెట్టలేదు. పోయిన సోమవారం రెండు బస్తాల మినుములు తెనాలి తీసుకెళ్ళి కూలికి ఆడించుకొచ్చాడు. వాళ్ళావిడ రోజూ ఒక రకం నానబోసి, ఏది ఎంత ఒదిగిందో క్యాలెండరు వెనక రాస్తోంది. మేము వారం రోజులుగా ఇడ్లీలే తింటున్నాం.