ఏఏ ఆన్‌లైన్ మీటింగ్‌లు: మందు మానాక వచ్చే కోపానికి, ఏడుపుకి పనికొచ్చాయా?

మందు మానేసి ఏడు నెలలు. అందులో మొదటి మూడు నెలలు దాదాపు ప్రతి రాత్రీ ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏఏ, తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుండే గ్రూపు) ఆన్‌లైన్ మీటింగ్‌లో కూర్చున్నాను. ఎలా మానాలో వెతుక్కునేవాళ్లకంటే, మానేశాక "తాగేటప్పుడే నయం, ఇప్పుడు మనసు ఇంకా పాడైంది" అనిపిస్తున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

నాకూ అలాగే అయింది. వణుకు, చెమటలు డాక్టర్ మందులతో వారంలో తగ్గాయి (రోజూ బాగా తాగేవాళ్లు సొంతంగా ఒక్కసారే ఆపొద్దు, ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు, ముందు డాక్టర్, ఆ తర్వాతే ఏదైనా). అసలు కష్టం తర్వాత మొదలైంది. చెంచా కింద పడినా కోపం, కారణం లేని ఏడుపు, రాత్రి మూడింటికి మెలకువ వచ్చి తాగి ఎవరెవరిని ఏమన్నానో అన్నీ వరసగా గుర్తుకు రావడం. ఏళ్ల తరబడి మందు మెదడును మందగింపజేస్తుంటే, దాన్ని తట్టుకోవడానికి మెదడు తన వేగం పెంచుకుంటుందట, మందు ఆగినా ఆ వేగం వెంటనే తగ్గదు, నిద్రా మూడూ కుదుటపడటానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. డాక్టర్ ఇది చెప్పాక, నాకు పిచ్చెక్కట్లేదని ధైర్యం వచ్చింది.

ఏఏ 1935లో ఇద్దరు తాగుబోతులు ఒకరికొకరు తోడుగా నిలబడటంతో మొదలైంది. ఇప్పటికీ పద్ధతి అదే. ఫీజు లేదు, ఇంటిపేరు అక్కర్లేదు. అక్కడ విన్నది బయట చెప్పకూడదు కాబట్టి నా మాటే చెప్తాను. నేను ఇంట్లోకి రాగానే మా ఆవిడ దగ్గరికొచ్చి వాసన చూసేది. ఆ భయం నేను తెచ్చిపెట్టిందే, ఆవిడ తప్పేం లేదని తెలుసు, అయినా ఒళ్లు మండిపోయేది. ఒక రాత్రి అదంతా మీటింగ్‌లో కక్కేశాను. ఎవరూ మధ్యలో ఆపలేదు, సలహా ఇవ్వలేదు, థ్యాంక్స్ చెప్పి తర్వాతివాళ్లు మాట్లాడారు. చెప్తుండగానే కోపం సగం దిగి, దాని కింద ఉన్న సిగ్గు బయటికొచ్చింది.

నా స్పాన్సర్ (ముందే మానేసి మనకు దారి చూపించేవాళ్లు) ఫోన్ ఎత్తగానే నాలుగు అడుగుతారు: ఆకలా, కోపమా, ఒంటరితనమా, అలసటా? సాయంత్రాలు నాకు చాలాసార్లు ఆకలే. తిని, అరగంట ఆగితే తాగాలనే ఊపు దానంతటదే తగ్గేది.

ఈ ఏడు నెలలకు ముందు ఒకసారి 41 రోజులు మానేసి, మళ్లీ తాగాను. అప్పుడు తాగకుండా ఉన్న రోజులు లెక్కపెట్టే నా యాప్‌లో పెద్ద సున్నా కనిపించింది, ఆ సున్నా చూసి ఆ రాత్రి ఇంకా తాగాను. మీటింగ్‌లో "మళ్లీ ఒకటో రోజు" అన్నప్పుడు "మళ్లీ రండి" అన్నారు. యాప్ ఆ రోజే తీసేశాను.

ఏఏలో పాటించే పన్నెండు మెట్లలో దేవుడి మాట ఎక్కువ. అది పడనివాళ్లకు 1994లో మొదలైన స్మార్ట్ రికవరీ ఉంది, అక్కడ ఆలోచనలను పరీక్షించుకుని మార్చుకోవడం నేర్పుతారు. ఇంకో విషయం, ఏఏలో ఉన్నది మనలాంటివాళ్లే, డాక్టర్లు కాదు. చచ్చిపోవాలనిపిస్తే మీటింగ్ టైమ్ కోసం ఆగకుండా వెంటనే డాక్టర్‌నో, ఎమర్జెన్సీ సాయాన్నో అందుకోండి.

నా రేటింగ్ ఐదుకి నాలుగున్నర. ఒక్కో గ్రూపు ఒక్కోలా ఉంటుంది కాబట్టి ఒకటి నచ్చలేదని మానేయకుండా నాలుగైదు చూడండి. మొదటిరోజు కెమెరా ఆపేసి, ఊరికే వినండి చాలు.