ముళ్ళగోరింట అడిగితే లంటానా అంటగట్టారు, చూసి కొనండి

రాజోలు, మలికిపురం వైపు ఉన్నవాళ్ళు ముఖ్యంగా చదవండి. ఆటోలో మొక్కలేసుకుని మైకు పెట్టి ఊళ్ళు తిరిగే ఒకాయన దగ్గర జూన్‌లో 40 మొక్కలు కొన్నాను, ఒక్కోటి 30 రూపాయలు. మా ఇంటి ముందంతా ఇసుక మెరక, పొద్దస్తమానం ఎండే, వేసిన గడ్డి వేసినట్టే మాడిపోతుంటే, నీళ్ళు పెద్దగా అడగకుండా ఏడాదంతా పచ్చగా ఉండే మన నాటు మొక్క కదా అని ముళ్ళగోరింట అడిగాను. తలలు తుంచుతూ ఉంటే మోకాలెత్తు దాటకుండా గుబురుగా నేలంతా కమ్ముకుంటుంది. "అదేనండి, పసుపు పూలు పూస్తాయి" అన్నాడు. పూత లేని చిన్న మొక్కలు, నమ్మేశాను.

వినాయక చవితి నాటికి పూసింది. పసుపే, కానీ చిట్టి చిట్టి పూలు గుత్తులుగా! అది లంటానా, పులికంప అంటారే, అదే. పూర్వం తెల్లదొరలు తోటల అందానికి బయటి దేశాల నుంచి తెస్తే మన అడవుల్నే మింగేసిన మొక్క.

డబ్బు పోతే పోయింది, మా పెయ్యదూడ దాన్ని మేసింది. రెండు రోజులకి మేత మానేసింది, కళ్ళు పచ్చబడ్డాయి, ఎండలో నిలబడితే మూతి మీద తోలు పెచ్చులుగా లేచిపోయింది. లివర్ దెబ్బతిందన్నారు డాక్టర్ గారు. వారం రోజులు నీడలో కట్టేసి మందులు వేస్తే బతికింది, ఆ వారం ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు.

కొనేముందు ఆకు అంచు చూడండి. లంటానాకి రంపం పళ్ళలా ఉంటుంది, తడిమితే గరుకు, నలిపితే ఘాటు వాసన, కాడ నాలుగు పలకలుగా ఉంటుంది. ముళ్ళగోరింట ఆకు అంచు నున్నగా ఉండి, ఆకు మొదట్లో సన్నటి సూదుల్లాంటి ముళ్ళుంటాయి. పూత లేకపోయినా ఇది తెలిసిపోతుంది, నాకే ఆ రోజు తెలియలేదు.

ఇప్పటికే నాటేసినవాళ్ళు పైపైన నరికి వదిలేయకండి, మళ్ళీ చిగురేస్తుంది. వేరుతో పెకలించండి, అదీ కాయ నల్లబడకముందే, పండితే పిట్టలు తిని ఊరంతా విత్తనాలు వేస్తాయి. పచ్చికాయలు పిల్లల నోట్లోకి పోకుండా చూడండి. పీకింది పశువుల పాకవైపు మాత్రం పడేయకండి.

మొక్కలమ్మినాయన ఇచ్చిన ఫోన్ నంబరు పనిచేయడం లేదు. పక్కవీధి మామ్మగారి దొడ్లో అసలైన ముళ్ళగోరింట ఉంటే కొమ్మలు అడిగి తెచ్చి గుచ్చాను, వానలకి ఆరు చిగురేశాయి.