తక్కువ కరెంటుతో నడిచే వరుస ఇల్లు: కొన్నేళ్ల వాడకం తర్వాత సమీక్ష

ఫ్యాక్టరీలో పోతపోసిన స్లాబులు, ఏఏసీ (గాలి గుల్లలతో తేలికగా చేసిన కాంక్రీటు) బ్లాకుల గోడలు, పైకప్పు మీద ఇన్సులేషన్ పొర, జంట అద్దాల కిటికీలతో వందల ఇళ్లను ఒకే నమూనాలో కట్టిన కాలనీలో, వరుస మధ్యలో ఉన్న ఇంట్లో మేము కొన్నేళ్లుగా ఉంటున్నాము. ఇళ్ల కొరత తీరేలా వేగంగా కట్టాలి, కరెంటు ఖర్చూ కర్బన ఉద్గారాలూ తగ్గాలి అనే రెండు షరతులతో మొదలైన నిర్మాణం ఇది. చూడటానికి వచ్చినవారందరూ మెచ్చుకునే సోలార్ పలకల గురించి ఒక్క మాట చాలు: అవి చెప్పినంత పని చేస్తున్నాయి, అలాంటివి పాత ఇంటి మీదనైనా రేపే బిగించుకోవచ్చు. ఒకసారి కట్టాక మార్చడానికి వీల్లేని భాగాలు ఎలా ఉన్నాయన్నదే నా సమీక్ష.

అన్నిటికంటే ఎక్కువ మేలు చేస్తున్నవి పక్కిళ్లతో కలిసిన రెండు గోడలు. వాటికి ఎండ తగలదు, పైగా రెండిళ్లకూ ఒకే గోడ కావడంతో ఆ మేరకు సామగ్రి మిగిలింది. వరుస చివరి ఇళ్లలో ఏసీ మాకంటే చాలా ముందు మొదలవుతుంది, ఆలస్యంగా ఆగుతుంది. పక్కింటి మాటలు కొంత వినిపిస్తాయి. అది భరించదగిన ఇబ్బందే.

ఏఏసీ బ్లాకు లోపలంతా గాలి గుల్లలే కాబట్టి అది ఎర్ర ఇటుక కంటే చాలా తక్కువ వేడిని లోపలికి పంపుతుంది. ఇంతకుముందున్న కాంక్రీటు గోడల ఇంట్లో పగలు తాగిన వేడిని రాత్రంతా గోడలు గదిలోకి వదులుతుండేవి. ఇక్కడ ఆ బాధ లేదు. అయితే మామూలు మేకు ఈ గోడలో నిలవదు, బరువైన అలమర బిగించాలంటే ఈ బ్లాకుల కోసమే చేసిన ప్లగ్గులు కావాలి. బ్లాకు గోడ స్లాబును తాకే చోట ప్లాస్టరింగ్ మీద సన్నని పగుళ్లు ప్రతి ఇంట్లోనూ కనిపిస్తున్నాయి. జాలీ వేసి ప్లాస్టరింగ్ చేసిన చోట మాత్రం అవి రాలేదు.

తాళాలు ఇచ్చే ముందు మా వరుసలోని కొన్ని ఇళ్లకు గాలి పరీక్ష చేశారు. వీధి తలుపు చట్రానికి గుడ్డ బిగించి, దానిలో అమర్చిన ఫ్యానుతో ఇంట్లోని గాలిని బయటికి లాగి, లోపలికీ బయటికీ 50 పాస్కల్‌ల పీడన తేడా తెస్తారు. అప్పుడు ఏ సందు ఉన్నా అందులోంచి బయటి గాలి దూసుకొస్తుంది. కిటికీల చుట్టూ తడి చేయి పెట్టి చూస్తే ఏమీ తెలియలేదు గానీ, స్విచ్ బోర్డు దగ్గర చల్లగా తగిలింది. అగరుబత్తి వెలిగించి అక్కడ పట్టుకుంటే పొగ పైకి లేవకుండా అడ్డంగా వంగి గదిలోకి సాగింది. బయటి మీటరు పెట్టె నుంచి గోడలో వచ్చే కండ్యూట్ (కరెంటు తీగలు సాగే) పైపు చివరను ఎవరూ మూయలేదు. ఒక ఇంట్లో అయితే అది చిన్న లోపమే. ఒకే డ్రాయింగు మీద కట్టిన ఇళ్లన్నిటిలో అదే పైపు అదే చోట తెరిచి ఉంది. గోడలకు రంగులు కూడా వేశాక పరీక్షించడంతో ఆ బోర్డులన్నీ విప్పాల్సిన పని పడింది, కొన్ని ఇప్పటికీ విప్పనేలేదు. 1991లో జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో కట్టిన మొదటి ఇళ్లతో పేరొందిన, అతి తక్కువ శక్తితో నడిచే ఇళ్ల కోసం పెట్టిన పాసివ్‌హౌస్ ప్రమాణం ప్రకారం, ఈ పీడనం దగ్గర గంటలో లోపలికి చొరబడే గాలి ఇంటి ఘనపరిమాణంలో 0.6 వంతు మించకూడదు. మా ఇళ్లు దాని దరిదాపులకు రాలేదు.

సందులు మూసిన కొద్దీ గాలిని మార్చే ఏర్పాటు నమ్మకంగా పని చేయాలి. స్నానాల గదిలో ఎప్పుడూ నెమ్మదిగా తిరిగే ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టారు గానీ, అది ఎందుకు తిరుగుతోందో ఎవరికీ చెప్పలేదు. చప్పుడు భరించలేక ఆపేసినవారి ఇళ్లలో ఒక్క వానాకాలానికే పైకప్పు మూలలు నల్లబడ్డాయి. దుమ్ము పట్టిన రెక్కలను తుడవాలంటే నిచ్చెన వేసుకుని, తలుపు మూసి, దాని వెనక నిలబడాలి. డిజైన్ చేసినవారు ఒక్కసారైనా ఆ పని చేసి చూడవలసింది.

పడమటి కిటికీల గురించి నా అభిప్రాయం కటువుగానే ఉంటుంది. జంట అద్దాలు పెట్టామని చెప్పి సన్‌షేడ్‌లు కురచ చేశారు. సాయంత్రపు ఎండ ఏటవాలుగా వస్తుంది, దాన్ని ఆపాలంటే అడ్డు బయటే ఉండాలి. అద్దం దాటిన వేడి లోపలి కర్టెన్‌ను తాకినా గదిలోనే మిగులుతుంది. మేము బయట చుట్టుతెర వేయించాక మేడ మీది గదిలో మధ్యాహ్నం ఏసీ లేకుండా కూర్చోగలుగుతున్నాము.

ఇక సిమెంటు సంగతి. ప్రపంచం మొత్తం మీద వెలువడే కార్బన్ డయాక్సైడ్‌లో సుమారు 7 నుంచి 8 శాతం సిమెంటు తయారీదే, అందులోనూ సగానికి పైగా బట్టీలో మండే ఇంధనం వల్ల కాక, వేడికి సున్నపురాయి విడిపోయి అందులోని కార్బన్ డయాక్సైడ్ బయటపడటం వల్లనే వస్తుంది. అందుకే క్లింకర్ (సున్నపురాయిని బట్టీలో కాల్చగా వచ్చే, సిమెంటుకు మూలమైన ముద్ద) తగ్గించి స్లాగ్ (ఇనుప కొలిమి చిట్టెం), ఫ్లైయాష్ (బొగ్గు బూడిద) కలుపుతారు. ఇలాంటి కాంక్రీటు చివరికి గట్టిదే అవుతుంది గానీ మొదటి రోజుల్లో నెమ్మదిగా బలపడుతుంది, కనుక అచ్చులు త్వరగా విప్పి తర్వాతి స్లాబు పోయాలనుకునే కాంట్రాక్టరుకు అది నచ్చదు. స్లాబులు త్వరగా గట్టిపడేలా ఆవిరి పట్టగల ఫ్యాక్టరీలో ఆ చిక్కు చాలావరకు తీరింది. సైటులో పోసిన పునాదులకు మాత్రం తొందరలో మామూలు సిమెంటే వాడారని పర్యవేక్షకుడే చెప్పాడు. వేగమూ తక్కువ కర్బనమూ నిజంగా ఢీకొన్న చోటు ఇదొక్కటే అని నాకనిపిస్తుంది, మిగతావి చేయించుకోగలిగినవే.

ఇళ్ల కొరత చూపి వీటిని వాయిదా వేయడం తగదు. స్వీడన్ 1965 నుంచి 1974 వరకు పది లక్షల ఇళ్లు కట్టింది. వాటిలో చాలావాటికి తర్వాతి తరాలు వేడి వృథా కాకుండా మరమ్మతులు చేయించవలసి వచ్చింది. మరోవైపు ఇంగ్లండ్‌లోని నార్విచ్‌లో స్థానిక మండలి అద్దెకివ్వడానికి గోల్డ్‌స్మిత్ స్ట్రీట్‌లో కట్టించిన సుమారు వంద ఇళ్లు పాసివ్‌హౌస్ ప్రమాణాన్ని అందుకుని 2019లో బ్రిటన్‌లో మేటి భవన రూపకల్పనకు ఇచ్చే స్టర్లింగ్ ప్రైజ్ కూడా గెలుచుకున్నాయి.

మా కాలనీ రెండో విడతలో కండ్యూట్ చివరలు మూయాలని డ్రాయింగులోనే రాశారు, మొదటి ఇంటిని ప్లాస్టరింగ్‌కు ముందే పరీక్షించారు, ఎగ్జాస్ట్ ఫ్యానును చేతికందే ఎత్తుకు దించారు. పడమటి సన్‌షేడ్‌లు మాత్రం ఇంకా కురచగానే ఉన్నాయి. వరుస చివర, పడమటి వైపు ఇల్లు వచ్చినవారు బయటి తెరకు పట్టాలు బిగించి ఇచ్చాకే తాళాలు తీసుకోవడం మంచిది.